పెద్దన్నయ్య మళ్ళీ బండెక్కాడు

మొన్న కార్తీక మాసంలో ఒక ఆదివారం పొద్దున్నే అమెరికా నుంచి పెద్దన్నయ్య ఫోను. మామూలుగా అయితే ముందు వదిన మాట్లాడుతుంది, కుశలాలన్నీ అయ్యాక అన్నయ్యకిస్తుంది. ఆ రోజు తనే తీసుకుని, "ఒరే, ఫ్లాటు అద్దెకిచ్చేశాం. బండి కొన్నాం. మళ్ళీ రోడ్డెక్కుతున్నాం" అన్నాడు. బోరిగుమ్మ ఇంట్లో ఫోను స్పీకరులో పెట్టి చుట్టూ కూర్చున్న మాకెవ్వరికీ నోట మాట రాలేదు.

పిన్ని మాత్రం ఊరుకోలేదు. "డెబ్బై దగ్గర పడ్డాక బండిలో కాపురం ఏమిట్రా? ఈ ఇంటివాళ్ళు బండి దిగడానికి మూడు తరాలు పట్టింది!" అంది.

మొదట్లో నేనూ పిన్ని పక్షమే. పెరట్లో వాళ్ళిద్దరి కోసం అట్టేపెట్టిన స్థలం ఉంది. రిటైరై వచ్చి అక్కడ రెండు గదులు వేసుకుంటారని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాం. వాళ్ళు రాకపోగా ఉన్న ఇల్లు కూడా వదిలి ట్రైలరులోకి పోతున్నారంటే మనసు చివుక్కుమంది. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఎందుకు మారిందో చెబుతాను. బయటి రాష్ట్రాల్లో, బయటి దేశాల్లో స్థిరపడిన మనలాంటి కుటుంబాలన్నిటికీ ఈ ప్రశ్న ఏదో ఒక రోజు వస్తుందని నా నమ్మకం.

ముందు, సంగతి తెలియనివాళ్ళ కోసం. ఆర్‌వీ అంటే చక్రాల మీద ఇల్లు. కొన్నిటికి ఇంజను వాటికే ఉంటుంది. అన్నయ్యది పికప్ ట్రక్కు వెనక తగిలించి లాక్కుపోయే రకం. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది. కింద మూడు ట్యాంకులు. మంచినీళ్ళకి ఒకటి, గిన్నెలు కడిగిన నీళ్ళకి ఒకటి, మరుగుదొడ్డికి ఒకటి. ఆ మూడోదాన్ని ఖాళీ చెయ్యడం అన్నయ్య వాటా. "ముప్ఫై ఏళ్ళ ఇంజినీరు ఉద్యోగం నేర్పని వినయం ఇది నేర్పింది" అని నవ్వుతాడు. ఇల్లు లేనివాడికి చిరునామా ఎలా అని చిన్నాన్న అడిగారు. ఏడాది పొడుగునా ఇలా తిరిగేవాళ్ళు చాలామంది సౌత్ డకోటా, టెక్సస్, ఫ్లోరిడాల్లో ఏదో ఒక చోట చిరునామా పెట్టుకుంటారట. ఉత్తరాలు అక్కడికొస్తే, అక్కడివాళ్ళు వీళ్ళున్న చోటికి పంపుతారు.

ఇక రెండో సగం, అసలు సంగతి. వాళ్ళు ఊరికే తిరగరు. పార్కుల్లో వాలంటీర్లుగా పని చేస్తారు. అమెరికా జాతీయ పార్కుల్లో ఇలా సేవ చెయ్యడానికి వీలుగా 1970లోనే చట్టం వచ్చింది. రాష్ట్రాల పార్కుల్లో, పక్షుల అభయారణ్యాల్లో కూడా ఇలాంటి ఏర్పాట్లున్నాయి. జీతం లేదు. వారానికి ఇరవయ్యో ముప్ఫయ్యో గంటలు పని చేస్తే బండి నిలుపుకునే చోటు, నీళ్ళు, కరెంటు, మురుగు కనెక్షను ఉచితం. పనంటే కుర్చీలో కూర్చునే పని ఒక్కటే అనుకోకండి. దారులు బాగుచెయ్యాలి, చలిమంటల గుంటల్లో బూడిద తియ్యాలి, మరుగుదొడ్లు కడగాలి, దారి తప్పినవాళ్ళకి దారి చూపాలి.

మొదటి విడతలో వాళ్ళు 2016 నుంచి అయిదేళ్ళు ఇలా గడిపారు. రెండు చలికాలాలు టెక్సస్ తీరంలోని అరాన్సాస్ అభయారణ్యంలో ఉన్నారు. హూపింగ్ క్రేన్ అనే పెద్ద తెల్ల కొంగలు కెనడాలోని వుడ్ బఫలో పార్కు నుంచి దాదాపు నాలుగు వేల కిలోమీటర్లు ఎగిరి చలికాలానికి అక్కడికొస్తాయి. 1941లో ఆ గుంపులో ఇరవై కూడా మిగల్లేదు. ఇప్పుడు వందల్లో ఉన్నాయి. ఆ లెక్క వెనక శాస్త్రవేత్తలున్నారు, ప్రభుత్వం ఉంది, దారులు ఊడ్చి, వచ్చినవాళ్ళకి దుర్భిణి చూపించి, "దగ్గరికి పోకండి బాబూ" అని చెప్పిన వేలమంది పేరులేని మనుషులు కూడా ఉన్నారు. మా వదిన వాళ్ళలో ఒకత్తె. సాలూరు యాసలో ఇంగ్లీషు మాట్లాడే ఆవిడ టెక్సస్ పిల్లలకి కొంగల గురించి చెబుతూ ఉంటే చూడాలని నాకిప్పటికీ కోరిక.

2021లో వదినకి మోకాలి ఆపరేషన్ అయింది. బండి మెట్లు ఎక్కలేకపోయింది. బండి అమ్మేసి కొడుకు ఇంటి దగ్గర్లో ఫ్లాటు కొనుక్కున్నారు. "ఇక దిగారు" అని అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ ఆ ఫ్లాటులో అన్నయ్య ఎలా ఉన్నాడో మాకు తెలియలేదు. పొద్దున్న లేచి ఎవరికీ అక్కరలేని రోజు మొదలవుతుంటే ఎలా ఉంటుందో తర్వాత చెప్పాడు. కొడుకు కోడలు మంచివాళ్ళే, పిలిస్తే వస్తారు. కాని తను పిలవాలి. పార్కులో తననే పిలిచేవారు.

ఈసారి షరతులన్నీ వదినవే. ఆస్పత్రికి గంట దూరం దాటిన చోట ఎక్కువ రోజులు ఉండకూడదు. చలికాలం మూడు నెలలు ఒకేచోట ఆగాలి. పొద్దుగూకాక బండి నడపకూడదు. ఫ్లాటు అద్దెకే ఇవ్వాలి, అమ్మకూడదు. ఇద్దరిలో ఎవరు చాలన్నా ఆ రోజుతో సరి. నాకు ఈ షరతులు విన్నాకే సగం భయం పోయింది. ఇది తిక్క పని అయితే ఇంత లెక్క ఉండదు.

ఇప్పుడు పిన్ని మాటకొస్తాను. మనం నిజంగా బండి దిగినవాళ్ళమే. ముత్తాత సాలూరు నుంచి ఘాటీ ఎక్కి ఉప్పు, ఎండు చేపలు జైపూరు వైపు తెచ్చి, ఇక్కడి చింతపండు, కరక్కాయ, ఒలిసెలు కిందికి తీసుకుపోయేవారు. రోజుల తరబడి ఎడ్లబండే ఇల్లు. బండి పక్కన మూడు రాళ్ళ పొయ్యి, బండి కింద పడక. తాతగారు సంతలో అద్దె కొట్టు పెట్టారు. నాన్న తరంలో ఇల్లు లేచింది. అప్పట్లో జైపూరు జమీ అంతా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా కిందిది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడి కోరాపుట్ అందులోకొచ్చింది. మేం కదలకుండానే బయటి రాష్ట్రంవాళ్ళమయ్యాం.

అందుకే మనకి ఇల్లంటే అంత పట్టుదల. గోడ ఉంటేనే ఊరు మనదన్నట్టు. అది తప్పని అనను. ఎన్నో అవమానాలు పడి కట్టుకున్న గోడ అది. కాని బండిలో బతకడం చిన్నతనం అనడం మాత్రం న్యాయం కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీ ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో గుడారాలు, పరివారం వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరుకి గాని ఇల్లు చేరలేదు. పదిహేను నెలలపైన దారే ఇల్లు. ఆయన రాసుకున్న వివరాలే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. ఆయన్ని ఇల్లు లేనివాడని ఎవరూ అనలేదు. మన బోరిగుమ్మ ఉన్నదే దారుల కూడలి మీద. ఒకటి కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం వైపు దిగుతుంది. ఇంకొకటి జగదల్‌పూర్ మీదుగా మంచిర్యాల, జగిత్యాల, నిజామాబాద్ దాకా పోతుంది. కూడలిలో కూర్చుని బాటసారిని తప్పుపట్టడం మనకి తగదు.

అయితే బండి బతుకును ఆకాశానికెత్తడం కూడా నాకిష్టం లేదు. అమెరికాలో ఇల్లు నిలుపుకోలేక, పింఛను చాలక, వ్యాన్లలో బతుకుతూ గోదాముల్లో కూలికి పోయే ముసలివాళ్ళున్నారు. జెస్సికా బ్రూడర్ 2017లో 'నోమాడ్‌ల్యాండ్' అని వాళ్ళ మీదే పుస్తకం రాసింది. దాన్నే తర్వాత సినిమాగా తీశారు, ఆస్కారూ వచ్చింది. పక్కపక్కనే నిలిచిన రెండు బండ్లలో ఒకటి ఇష్టంతో వచ్చింది కావచ్చు, ఇంకొకటి గతిలేక వచ్చింది కావచ్చు. అన్నయ్యకి తిరిగిపోవడానికి ఫ్లాటుంది, కొడుకున్నాడు, మేమున్నాం. ఆ ధైర్యం ఉన్నవాళ్ళకే ఇది వానప్రస్థం.

నన్ను మార్చింది బండి కాదు, ఆ పని. వాళ్ళకి అరాన్సాస్‌లో చుట్టాలు లేరు, కులం లేదు, భాష లేదు, సెంటు భూమి లేదు. అయినా ఆ నేలని ఊడ్చారు. నన్ను నేను అడిగి చూసుకున్నాను: ఈ జిల్లాలో నాలుగు తరాలుగా ఉన్నాం, మన ఇల్లు, మన కొట్టు, మన రామకోవెల తప్ప ఇంకెక్కడ చీపురు పట్టాం? గుప్తేశ్వరం ఎన్నిసార్లు వెళ్ళాం! సంపెంగ చెట్ల మధ్య మెట్లు ఎక్కి, గుహలో శివుణ్ణి చూసి, కొలాబ్ ఒడ్డున పులిహోర తిని, ఆకులూ కవర్లూ అక్కడే పారేసి వచ్చాం. ఆ కొలాబ్ నీళ్ళే కిందికి పోయి శబరి అయి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. గోదావరికి మొక్కి కొలాబ్‌లో ప్లాస్టిక్ వదిలినవాళ్ళం మనం. 2024లో ఆ గుప్తేశ్వరం అడవిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ఒడిశా ప్రభుత్వం ప్రకటించింది. ఆ వార్త చదివి గర్వపడ్డాం. గర్వపడి మళ్ళీ కొట్టు తెరిచాం.

ఇక్కడ అలా పని చేసినవాళ్ళు లేరని కాదు. జైపూరు దగ్గర పాత్రపుట్ ఊరి కమలా పూజారి బడికెళ్ళలేదు. పాత వరి విత్తనాలు పోకుండా ఇంటింటా సేకరించి దాచింది, అడిగినవాళ్ళకి పంచింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జులైలో పోయింది. ఆవిడ మొదలుపెట్టినప్పుడు ఎవరూ పద్మశ్రీ ఇస్తామనలేదు. మన కొట్టు ముందు నుంచే సంతకి పోయే ఆదివాసీ ఆడవాళ్ళలో అలాంటి వాళ్ళు ఇంకెందరున్నారో మనం ఎప్పుడైనా అడిగామా? తూకం దగ్గర తప్ప వాళ్ళతో మాట్లాడామా?

బయట స్థిరపడిన మనం ఎప్పుడూ ఒకే ప్రశ్న వేసుకుంటాం: మన ఊరేది? సాలూరా, బోరిగుమ్మా, హ్యూస్టనా? పట్టా ఎక్కడుంటే అక్కడ అని నాన్న అనేవారు. చెప్పుల్లో ఎక్కడి మట్టి ఉంటే అక్కడ అని అన్నయ్య అంటాడు. నేను ఇద్దరి మధ్యలో ఉన్నాను. పట్టా కావాలి, కాదనను. పట్టా ఉన్న చోట ఊరికి మన చేత్తో ఏమీ చెయ్యకపోతే, ఎన్ని తరాలున్నా మనం బాడుగకున్నట్టే.

కాబట్టి ఇంట్లో నేను పెట్టిన ప్రతిపాదన ఇది. పెరటి స్థలంలో వాళ్ళ కోసం రెండు గదులు కట్టొద్దు. రేకుల షెడ్డు ఒకటి, కుళాయి, కరెంటు పాయింటు, మరుగుదొడ్డి చాలు. చలికాలంలో వీలైనప్పుడు వాళ్ళు రావచ్చు, ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. ఇంకెవరైనా ఇటు తిరుగుతూ వచ్చినా దిగొచ్చు. ముత్తాతకి దారిలో ఎవరెవరో అలా చోటిచ్చారు, అది తీర్చుకోవద్దూ. రెండోది, ఈ శివరాత్రికి గుప్తేశ్వరం పోయేటప్పుడు ప్రసాదం బుట్టతో పాటు ఖాళీ గోనెసంచులు కూడా వేసుకుపోదాం. తిరణాల అయిన మర్నాడు కూడా అక్కడే ఆగి, నిండిన సంచులతో తిరిగొద్దాం. పిల్లలు మనం చెప్పింది వినరు గాని చేసింది చూస్తారు.

ఇదంతా చెప్పాక పిన్ని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఆ షెడ్డుకి మెట్లు పెట్టకండి, వదినకి మోకాలు" అంది.

మేస్త్రీకి కబురు పంపాం. గోనెసంచులు కొట్లోవే ఉన్నాయి.