నా బరువు కాదు, అల్లం బరువు చూడమ్మా

పోయిన నెల మా అరకులోనే ఒక పెళ్లికి వెళ్లాం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ముచ్చటపడి నా పట్టుచీర కట్టుకుంది. పందిట్లో అడుగు పెట్టామో లేదో, ఓ దూరపు బంధువు, "ఏమే, నువ్వు చీర కట్టావా, చీరే నిన్ను కట్టిందా? గట్టిగా గాలొస్తే నిన్ను గాలికొండ మీద వెతుక్కోవాలి!" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ రాత్రి దాని బ్యాగు సర్దుతుంటే అడుగున బరువు పెరిగే మాత్రలు కనిపించాయి. డబ్బా మీద తయారు చేసినవాళ్ల పేరు కూడా లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుందట. నేను కోప్పడితే, "అందరూ అదే మాట అంటున్నారు కదమ్మా. నువ్వు కూడా నవ్వావుగా" అంది. నాకు మాట రాలేదు.

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఇలాంటి మాత్రల్లో స్టెరాయిడ్లు కలుపుతుంటారనీ, ఒంటికి నీరు పట్టి మొహం ఉబ్బితే లావయ్యామని పిల్లలు మురిసిపోతారనీ ఆవిడ మందలించారు. రక్తపరీక్ష రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 9. ఒడ్డూ పొడుగూ మా అత్తగారి పోలిక, దానికి మందక్కర్లేదన్నారు. మందు కావాల్సింది రక్తానికి. దాని చేతులు పుల్లల్లా ఉన్నాయని చెప్పినవాళ్లు వందమంది. మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. కన్నతల్లిని, నేనూ అడగలేదు.

అందుకే అడుగుతున్నాను. మనుషుల్ని చూసి ఆరోగ్యం చెప్పేయడానికి మన కళ్లు ఏమైనా ఎక్స్‌రే మిషన్లా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నవాళ్లు నూటికి 15 మంది. రక్తహీనత ఉన్నవాళ్లు సుమారు 59 మంది. అంటే సన్నగా ఉన్నవాళ్లూ, బొద్దుగా ఉన్నవాళ్లూ, "భలే ఉన్నావే" అనిపించుకునేవాళ్లూ అందరూ ఆ లెక్కలో ఉన్నారన్నమాట. మనం మాత్రం జబ్బలు కొలుస్తూ కూర్చున్నాం.

"ప్రేమకొద్దీ అంటాం" అంటారు కొందరు. ప్రేమున్నవాళ్లు పక్కకి పిలిచి అడుగుతారు, పదిమందిలో నవ్వించరు. లావుగా ఉన్నవాళ్లని మొహం మీదే అనడానికి ఇప్పుడిప్పుడే కొంతమంది జంకుతున్నారు. మంచిదే. సన్నగా ఉన్నవాళ్లని అనడానికి మాత్రం లైసెన్సు ఉన్నట్టే. "మీ ఆయన తిండి పెట్టట్లేదా?", "పిల్లల్నెలా కంటావే?" ఇవేం మాటలు? ఒకర్ని వెక్కిరిస్తే ఇంకొకరికి గౌరవం పెరగదు కదా.

నేనేం తక్కువ తినలేదు. కిందటేడు వారపు సంతలో, కొండ మీంచి అల్లం బుట్ట మోసుకొచ్చిన ఓ గిరిజన అక్కని, "ఏంటక్కా, ఇంత బక్కచిక్కిపోయావు?" అన్నాను. ఆవిడ తక్కెడ ఎత్తి, "నా బరువు కాదు, అల్లం బరువు చూడమ్మా" అంది. అప్పుడు సిగ్గుపడలేదు, ఇప్పుడు పడుతున్నాను. ఆవిణ్ణే చూసి టూరిస్టులు "డైటింగ్ లేకుండానే ఎంత నాజూగ్గా ఉన్నారో!" అంటారు. నేను జాలిపడ్డాను, వాళ్లు మెచ్చుకున్నారు. పొద్దున్న తిన్నావా అని మాత్రం ఎవరమూ అడగలేదు. ఆకలితో చిక్కితే అది పళ్లెం సంగతి, పుట్టుకతోనే సన్నమైతే అది ఒంటి తీరు. రెండూ నవ్వులాటకి పనికిరావు.

మన ఉత్తరాంధ్ర ఆడపడుచు కరణం మల్లీశ్వరి సంగతి తెలుసు కదా. చిన్నప్పుడు బలహీనంగా ఉన్నావు, బరువులెత్తడానికి పనికిరావని ముందు వెనక్కి పంపారని చదివాను. కూతురి పక్కన నిలబడింది వాళ్లమ్మ. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో ఆమే 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఆ తల్లి కూడా నాలాగే అందరితో కలిసి నవ్వేసి ఉంటే?

ఇక్కడ థింసా ఆడేటప్పుడు చూడండి. ముసలమ్మలు, పడుచులు, బొద్దువాళ్లు, బక్కవాళ్లు వెనకనుంచి చేతులు పెనవేసుకుని ఒకే వరసలో కదులుతారు. అడుగు కలిసిందా లేదా అన్నదే లెక్క.

మా అమ్మాయి ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటోంది. మాత్ర వేసుకున్నాక గంటదాకా కాఫీ ముట్టొద్దన్నారు. కాఫీ తోటల ఊళ్లో అదొక్కటే దాని బాధ! ఆ బంధువుకి ఫోన్ చేసి, "పిన్నీ, ఇంకెప్పుడూ దాన్ని అలా అనకండి" అని చెప్పాను. కోపం వచ్చింది ఆవిడకి. రానివ్వండి. ఆ మాట పందిట్లోనే, అందరి ముందే చెప్పాల్సింది. మీరు నాలా ఆలస్యం చేయకండి.