కంచు కంఠం – కణేకల్ యాస

'కంచు కంఠం' అనగానే మన పెద్దవాళ్ళకు గుర్తొచ్చే పేరు కొంగర జగ్గయ్య. తెనాలి దగ్గర మోరంపూడిలో పుట్టిన ఆయన, నటుడు కాకముందు ఢిల్లీ ఆకాశవాణిలో మూడేళ్ళు తెలుగు వార్తలు చదివారు. 1952లో 'ప్రియురాలు'తో సినిమాల్లోకి వచ్చారు. 1967లో ఒంగోలు నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. డబ్బింగ్ చిత్రాల్లో శివాజీ గణేశన్‌కు తెలుగు గొంతు ఇచ్చారు. 1974 నాటి 'అల్లూరి సీతారామరాజు'లో రూథర్‌ఫర్డ్ పాత్ర చూసినవారు ఆ గంభీరమైన పలుకును మరచిపోలేరు. 2004లో ఆయన కన్నుమూశారు.

ఆ గొంతు దేవుడిచ్చిన వరం అంటారు. సైన్సు విద్యార్థిగా నేను సగమే ఒప్పుకుంటాను. స్వరతంతువుల పొడవు, మందం పుట్టుకతో వస్తాయి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి, మాట ఎక్కడ ఆపాలి అన్నది సాధనతోనే వస్తుంది. రేడియోలో వార్తలు చదివే మనిషి ముఖం కనబడదు. వినేవాడు 'మళ్ళీ చెప్పప్పా' అని అడగలేడు. ఒక్కసారికే అర్థం కావాలి. అంతటి బడి నటుడికి ఇంకోటి లేదని నా అభిప్రాయం. టీవీ వచ్చాక కూడా అంతే. 1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్, దాదాపు పదేళ్ళపాటు టెలీప్రాంప్టర్ లేకుండానే నెట్టుకొచ్చారు.

దీంతో మనకేం పని అంటారా? ఉంది. కణేకల్ వైపు శెనక్కాయ చేలనుంచి, కాలువ కింద వరిమళ్ళనుంచి వచ్చిన మాలాంటివాళ్ళం చాలామందిమి సెమినార్‌లో నోరు విప్పం. పాఠం రాక కాదు. 'వస్తాండాది', 'చెప్తాండాను' అంటే నవ్వుతారని. సినిమాల్లో మన యాస ఫ్యాక్షన్ విలన్లకో, హాస్యానికో పరిమితమైపోయింది. బళ్ళారి గాలి సోకి కన్నడం కలిసిన మాట మాది. అందులో సిగ్గుపడాల్సిందేముంది? స్పష్టత వేరు, యాస వేరు. జగ్గయ్య దగ్గర మనం నేర్చుకోవలసింది స్పష్టత. తెనాలి మాటను అరువు తెచ్చుకోనక్కరలేదు.

అందుకే విద్యార్థి సంఘానికి నాదొక మనవి. వక్తృత్వ పోటీలతోపాటు వార్తాపఠన పోటీ కూడా పెట్టండి. వాన కబురు, శెనక్కాయ ధర, కాలువకు నీళ్ళొదిలే తేదీ ఎవరి యాసలో వాళ్ళు చదవాలి. చివరి బెంచీవాడికి ఒక్కసారికే అర్థమైతే మార్కులు వేయాలి. మా నాయన లాంటి రైతుకు కావలసిన వార్త అతని మాటలోనే చెప్పగలిగిన గొంతు ఈ కాలేజీనుంచి ఒక్కటి వచ్చినా చాలు.