వారానికో గోలీ... ఎన్నాళ్లు?

హైదరాబాద్ పాతబస్తీలో, షాలిబండలోనో యాకుత్‌పురాలోనో మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే చాలు, ‘భాయ్, వో హఫ్తేవాలీ గోలీ దేదో’ (అన్నా, ఆ వారం గోలీ ఇవ్వు) అన్న మాట వినపడుతుంది. చేతిలో డాక్టరు చీటీ ఉండదు. మహా అయితే పాత స్ట్రిప్పులోంచి కత్తిరించిన ముక్క ఉంటుంది. షాపతను ఏమీ అడగకుండా గోలీలు తీసి ఇస్తాడు. మోకాళ్ల నొప్పికీ నడుం నొప్పికీ నీరసానికీ, ఆఖరికి జుట్టు రాలుతున్నా అదే గోలీ. దాని పేరు కొలెకాల్సిఫెరాల్, 60,000 యూనిట్ల విటమిన్ డి. జనం దాన్ని బలం మందు అనుకుంటున్నారు. నిజానికది ఇన్ని వారాలని లెక్కకట్టి వాడి ఆపాల్సిన మందు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 600 యూనిట్లు చాలు. అంటే ఒక్క గోలీలో వంద రోజుల సరుకు ఉంది. లోపం తేలితే సాధారణంగా వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలు ఇస్తారు, ఆ తర్వాత డోసు తగ్గిస్తారు. చిక్కంతా తొమ్మిదో వారంలోనే. ఆపమని చెప్పేవాళ్లు ఉండరు. ‘వారానికి’ అన్న మాట చెవిన పడక రోజూ మింగేవాళ్లూ ఉంటారు, అది ఇంకా ప్రమాదం.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఆరోగ్యవంతుడు నాలుగు గోలీలు ఎక్కువ వేసుకున్నంత మాత్రాన మంచాన పడడు. కానీ ఇది కొవ్వులో నిల్వ ఉండే విటమిన్, ఒంట్లోంచి త్వరగా పోదు. మోతాదు మరీ మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దాహం, మాటిమాటికీ మూత్రం, మలబద్ధకం, వాంతులు, ముదిరితే మతిమరుపు లాంటి తికమక, కిడ్నీ దెబ్బ. ఇంటింటా షుగర్ ఉన్నచోట దాహాన్నీ మూత్రాన్నీ షుగర్ ఖాతాలోనే వేస్తారు, గోలీని ఎవరూ అనుమానించరు. విటమిన్ డి పెద్ద డోసు ఇంజెక్షన్లు పదేపదే తీసుకుని ఆసుపత్రి పాలైనవాళ్ల గురించి శ్రీనగర్ డాక్టర్లు 2011లోనే రాశారు. ఆస్ట్రేలియాలో డెబ్బై దాటిన 2,256 మంది ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనం ఫలితాలు 2010లో వచ్చాయి. అందులో ఏడాదికోసారి ఒకేమారు 5 లక్షల యూనిట్లు తీసుకున్నవాళ్లే ఎక్కువగా కిందపడ్డారు, వాళ్లకే ఎక్కువ ఎముకలు విరిగాయి. ఎముకల కోసం ఇచ్చిన మందు కదా అది!

ఈ వారం గోలీ కంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది కాల్సిట్రియాల్. ఎండవల్లనో గోలీవల్లనో వచ్చిన విటమిన్ డి ముందు కాలేయంలో, తర్వాత కిడ్నీలో మారితేగానీ పనికొచ్చే రూపానికి రాదు. ఆ చివరి రూపమే కాల్సిట్రియాల్. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకూ, పారాథైరాయిడ్ గ్రంథులు పనిచేయనివాళ్లకూ అది నిజంగా అవసరం. దాని డోసు 0.25 మైక్రోగ్రాములు, వారం గోలీలో ఉండేది 1,500 మైక్రోగ్రాములు. అంత చిన్న మోతాదుకే అంత శక్తి. శరీరం తనకు కావలసినంతే తయారుచేసుకునే కట్టడిని దాటేసి నేరుగా పనిచేసే మందు ఇది. అలాంటిదాన్ని కాల్షియంతో, జింకుతో కలిపిన క్యాప్సూళ్లుగా మామూలు ఒళ్లు నొప్పులకు కూడా రాసేస్తున్నారు. ఇది వాడుతూ విటమిన్ డి పరీక్ష చేయించుకుంటే ఆ అంకె పెరగదు. ‘ఇంకా తక్కువే ఉంది’ అని పైన మరో గోలీ చేరుతుంది. ఈ మందుకు చూడాల్సింది కాల్షియం, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్. రెండూ విటమిన్ డి పరీక్ష కంటే చవక.

పాతబస్తీ ఆడవాళ్లలో లోపం ఎందుకంటే బురఖా అని తేల్చేయడం ఓ అలవాటైంది. ఎండ తగలకపోవడం కారణం కాదనను. ఇరుకు గల్లీలు, మేడ మీద వాటా లేని అద్దె ఇళ్లు అందులో భాగమే. కానీ తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి పరిశోధకులు చూసినప్పుడు ఎండలో పొలం పనిచేసే పల్లె ఆడవాళ్లలోనూ సగానికి పైగా లోపం కనిపించింది. తిండిలో కాల్షియం తక్కువ కావడాన్నీ వాళ్లు ఎత్తిచూపారు. పైగా ‘లోపం’ అనే గీత ఎక్కడ గీయాలన్నదే తేలలేదు. 2011లో రక్తంలో మిల్లీలీటరుకు 30 నానోగ్రాముల కంటే తక్కువైతే చాలదన్న అమెరికా ఎండోక్రైన్ సొసైటీయే 2024లో ఆ గీతను వదులుకుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఊరికే పరీక్షలు వద్దంది. మన ల్యాబుల హెల్త్ ప్యాకేజీల్లో మాత్రం ఆ పరీక్ష అలాగే ఉంది.

ఈ అతివాడకాన్ని ఆపడంలో డాక్టర్ల వంతు పెద్ద ఖర్చు లేనిది. చీటీ మీద మందు పేరు పక్కన ఆఖరి గోలీ వేసుకోవాల్సిన తేదీ రాయాలి. వారంలో ఏ రోజో కూడా రాయాలి. శుక్రవారమని రాస్తే పాతబస్తీలో ఎవరూ మర్చిపోరు. పెద్ద భోజనం తర్వాత వేసుకోమంటే ఒంటబడుతుంది. రంజాన్ నెలలో ఇఫ్తార్ అయ్యాక వేసుకుంటే సరిపోతుంది, ఉపవాసానికి అడ్డేమీ లేదు.

ఇక ఒకే మనిషికి మూడు చోట్ల నుంచి మందులొస్తున్న సంగతి. బీపీ గోలీలు ఉస్మానియా ఆసుపత్రి నుంచి, షుగర్‌వి బస్తీ దవాఖానా నుంచి, మోకాళ్లవి ప్రైవేటు క్లినిక్ నుంచి. బీపీకిచ్చే క్లోర్‌థాలిడోన్, హైడ్రోక్లోరోథయజైడ్ కాల్షియాన్ని మూత్రంలో పోనివ్వవు. పైన విటమిన్ డి, కాల్షియం చేరితే ఏమవుతుందో ఊహించొచ్చు. ఈ మూడు చీటీలనూ పక్కపక్కన పెట్టి చూడగలిగేది మందుల షాపులోని ఫార్మసిస్టే. ప్రతి షాపులో రిజిస్టరైన ఫార్మసిస్టు ఉండాలని చట్టం చెబుతోంది. గోడకు ఆయన సర్టిఫికెట్ వేలాడుతుంటుంది, కౌంటర్లో చాలాచోట్ల ఉండేది జీతానికి కుదిరిన కుర్రాడు. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వెళ్లినప్పుడు బిల్లు పుస్తకంతో పాటు ఆ ఫార్మసిస్టు షాపులో ఉన్నాడో లేడో కూడా చూడాలి.