కట్టని పాటకు కళ్లెమేది?

సర్కారువారి పాటలో నోటికొచ్చిన ధర పాడి, సొమ్ము కట్టకుండా జారుకున్నవాడికి ఈ దేశపు శిక్షాస్మృతి వేసే జరిమానా ఎంతో తెలుసా? మహా అయితే రెండు వందల రూపాయలు. బెజవాడ బస్టాండు దగ్గర ఇద్దరు కూర్చుని భోజనం చేసి లేస్తే అంతకంటే ఎక్కువే అవుతుంది. కట్టే ఉద్దేశం లేకుండా ప్రభుత్వ వేలంలో పాడటం నేరమని 1860 నాటి భారత శిక్షాస్మృతి 185వ సెక్షన్‌లో రాశారు. నెల వరకు జైలు, లేదా రూ.200 వరకు జరిమానా, లేదా రెండూ. ఆ రోజుల్లో రెండు వందలంటే ఒక రైతు కుటుంబం ఏళ్ల తరబడి కూడబెట్టుకునే సొమ్ము. 2023లో ఆ స్మృతిని పక్కనపెట్టి భారతీయ న్యాయ సంహిత తెచ్చారు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ అమ్మకాన్ని అడ్డగించేవారిపై 219వ సెక్షన్‌లో జరిమానాను రూ.500 నుంచి రూ.5,000కు పెంచిన కలం, పక్కనే ఉన్న 220వ సెక్షన్ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. అక్కడ రెండు వందలు రెండు వందలుగానే మిగిలాయి. వలస పాలన ఆనవాళ్లు చెరిపేశామని చెప్పుకున్నవారి కంటికి ఈ ఆనవాలు ఆనలేదు.

ఒకప్పుడు ఇది అంత పెద్ద లోటు కాదు. టముకు వేయించి, గుడి అరుగు మీదో పంచాయతీ చావిట్లోనో పాట పెట్టినప్పుడు పాడేవాడెవడో, వాడి తాత ఎవడో ఊరందరికీ తెలుసు. పాడి కట్టకపోతే సాయంత్రానికల్లా రచ్చబండ మీద పరువు పోయేది. ఆ పరువే అసలు ధరావతు. ఇప్పుడు పాట ఫోను తెర మీదికొచ్చింది. పాడేవాడు ఒక యూజర్ ఐడీ, ఒక ఓటీపీ. మాట కోటలు దాటుతుంది, కాలు గడప దాటదు. పరువు అనే ధరావతు పోయింది. దాని స్థానంలో పెట్టాల్సిన డబ్బు ధరావతును మాత్రం ప్రభుత్వాలు చిల్లర లెక్కల దగ్గరే వదిలేశాయి.

ఫలితం దేశమంతా చూసింది. 2023 ఫిబ్రవరిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని కోట్‌ఖాయ్‌లో హెచ్‌పీ 99-9999 అనే ఫ్యాన్సీ నంబరును రూ.1,000 కనీస ధరతో ఆన్‌లైన్ వేలానికి పెడితే పాట రూ.1.12 కోట్లు దాటింది. తీరా కట్టాల్సిన వేళకు పాడినవాళ్లు లేరు. 2025 నవంబరులో హరియాణాలో హెచ్‌ఆర్ 88బీ 8888 నంబరుకు రూ.50 వేల నుంచి మొదలైన పాట రూ.1.17 కోట్ల దగ్గర ఆగింది. గడువు దాటినా సొమ్ము రాలేదు. పాటలో పాల్గొనడానికి కట్టించుకున్నది రుసుముతో కలిపి రూ.11 వేలు. ఆ రాష్ట్ర రవాణా మంత్రి అనిల్ విజ్ పాటదారు ఆస్తులు, ఆదాయం ఆరా తీయమన్నారు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, తాహతు చూడాల్సింది పాటకు ముందు కదా! కోటి రూపాయల మాటకు పదకొండు వేలు పూచీ పెట్టిన వ్యవస్థది తప్పా, నోరు జారినవాడిది తప్పా? ఏపీ 16 పోయి ఏపీ 39 వచ్చినా బెజవాడలో తొమ్మిదుల మోజు తగ్గలేదు. ఆ మోజును సొమ్ము చేసుకుంటున్న మన రవాణా శాఖ ఈ రెండు ఉదంతాలనూ పరాయి రాష్ట్రాల వినోదంగా చూసి ఊరుకుంటే రేపు నవ్వులపాలయ్యే వంతు మనదే.

కోటి రూపాయలు ఖజానాకు రాలేదన్నది పైకి కనబడే నష్టం మాత్రమే. అసలు దెబ్బ తిన్నవాడు రెండో పాటదారు. చేతిలో డబ్బు పెట్టుకుని, తన తాహతు చూసుకుని పాడుకుంటూ వచ్చినవాడు, ఎదుటివాడి గాలిపాటకు ఝడిసి తప్పుకుంటాడు. మళ్లీ వేలం వేసేనాటికి అతను మరో దారి చూసుకుని ఉంటాడు. వచ్చిన నలుగురూ ఈసారి ఆచితూచి పాడతారు. ధర పడిపోతుంది. వేలంవెర్రి అని మనవాళ్లు పేరు పెట్టింది ఆవేశంలో పాడేవాడికి. కానీ ఈ గాలిపాటల్లో కొన్నిటి వెనుక వెర్రి లేదు, తెలివే ఉంది. మొదటి పాటను చెడగొట్టి, జనం పలచబడ్డాక రెండో పాటలో చవగ్గా కొట్టుకుపోవడానికి చిన్న ధరావతు పోగొట్టుకోవడం గిట్టుబాటు బేరమే.

కృష్ణా డెల్టాలో ఈ బేరం లోతు తెలియనివారు లేరు. ఇక్కడ వేలానికి రానిదేముంది? దేవుడి మాన్యాల కౌలు, పంచాయతీ చెరువులో చేపలు, రేవు, సంత, మున్సిపల్ దుకాణం, గుడి ముందు కొబ్బరికాయల అంగడి, తలనీలాలు. డెల్టా పల్లెల్లో మాన్యం పాట రోజు ఎలా ఉంటుందో ఒకసారి గుర్తుచేసుకోండి. ఆలయ ఈవోగారు రిజిస్టరు ముందేసుకుని కూర్చుంటారు. గుమస్తా షరతులు గబగబా చదివేస్తాడు. పదిహేను మంది నిలబడతారు, పాడేది ముగ్గురే. నిరుటి కౌలు మీద వందో రెండు వందలో పైకి వేసి మొదటివాడు ఆగుతాడు. రెండోవాడు ఇంకో వంద. మూడోవాడు చెప్పులు వేసుకుంటూ ఉంటాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. పది నిమిషాల్లో ముగుస్తుంది. అసలు పాట ముందురోజు రాత్రే టీ కొట్టు దగ్గర అయిపోయింది మరి. ఎవరు పాడాలో, ఎవరు ఊరుకోవాలో, ఊరుకున్నందుకు ఎవరికెంతో అక్కడే తేలిపోయింది. దీన్నే మనవాళ్లు ముచ్చటగా సిండికేటు అంటారు. ఈ రింగును కాదని బయటివాడు పాడితే రెండే దారులు. బతిమాలో బెదిరించో ఆపడం, లేదా గాలిపాటతో అతణ్ని దాటి పాడి తర్వాత కట్టకపోవడం.

వేలాన్ని ఆన్‌లైన్ చేస్తే ఇదంతా పోతుందన్నారు. బెదిరింపు తగ్గిన మాట నిజమే, పాడేవాడి మొహం కనబడదు కాబట్టి. గాలిపాట మాత్రం సులువైంది, అదీ మొహం కనబడదు కాబట్టే.

మందు దొరకని జబ్బేమీ కాదిది. మన కోర్టు వేలాల్లోనే ఉంది మందు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 21వ ఆర్డర్ ప్రకారం స్థిరాస్తి పాట కొట్టిన వెంటనే పాటదారు నాలుగో వంతు సొమ్ము అక్కడికక్కడే కట్టాలి. కట్టకపోతే ఆస్తిని వెంటనే తిరిగి వేలం వేస్తారు. మిగతాది పదిహేను రోజుల్లో కట్టకపోతే ధరావతును కోర్టు జప్తు చేయవచ్చు, ఆస్తి మళ్లీ వేలానికి వెళుతుంది. అదే ఆర్డర్ 71వ రూలు ఇంకో అడుగు వేసింది: తిరుగు వేలంలో ధర తగ్గితే ఆ తగ్గిన మొత్తాన్ని ఎగ్గొట్టిన పాటదారు నుంచే వసూలు చేయాలి. బాకీ ఆస్తులు అమ్మే బ్యాంకులకూ ఇలాంటి నాలుగో వంతు నియమమే ఉంది. మిగతాది కట్టనివాడి పాతిక శాతాన్ని పూర్తిగా జప్తు చేయడం సబబేనని 2024 ఫిబ్రవరిలో సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా - షణ్ముగవేలు కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కోర్టు అమీనాకు వందేళ్లకు పైగా తెలిసిన సంగతి, కంప్యూటర్లు పెట్టుకుని వేలాలు నడిపే శాఖలకు తెలియదంటే నమ్మాలా?

తెలియక కాదు. డబ్బు మీద గురి ఉన్నచోట మన సర్కారుకు అన్నీ తెలుసు. మద్యం దుకాణాల సంగతే చూడండి. సిండికేట్ల ఆగడాల మీద 2011 డిసెంబరులో ఏసీబీ దాడులు చేశాక, 2012లో ఉమ్మడి రాష్ట్రం వేలాన్ని వదిలి లాటరీకి మళ్లింది. 2024 అక్టోబరులో 3,396 దుకాణాలకు లాటరీ తీసినప్పుడు ఒక్కో దరఖాస్తుకు రెండు లక్షలు, అదీ తిరిగిరాని రుసుముగా పెట్టారు. దాదాపు 90 వేల దరఖాస్తులు, సుమారు రూ.1,800 కోట్ల రాబడి. చీటీలో పేరు రాసినందుకే రెండు లక్షలు ముక్కుపిండి తీసుకోగల ప్రభుత్వానికి, దేవుడి భూమినీ ఊరి చెరువునూ పాడేవాడి దగ్గర తగిన ధరావతు అడగడానికి చేతులు రాకపోవడమేమిటి? సీసా మీద ఉన్న శ్రద్ధ చెరువు మీద లేదనుకోవాలా?

ఇక అడ్డగోలు పాటగాణ్ని ఆపే హక్కు నిజంగా ఎవరికి అవసరమో వారికే అది లేదు. దుగ్గిరాల పసుపు యార్డుకు సరుకు తెచ్చిన రైతునే తీసుకోండి. ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్‌లో వచ్చిన ధర నచ్చకపోతే కాదనే హక్కు ఆయనకుంది. బాగానే ఉంది. కానీ ధర వేసి, తూకం దగ్గర తేమనో పుచ్చనో వంక పెట్టి కోత వేసేవాణ్ని, డబ్బుకు వారాలు తిప్పుకునేవాణ్ని, ఇకమీదట నా రాశి మీద పాడొద్దు అనే హక్కు లేదు. రేపు మళ్లీ అదే వ్యాపారి, అదే తెర మీద. పొగాకు వేలం కేంద్రాల్లో ‘నో బిడ్’ అని పక్కకు నెట్టిన బేలుతో రాత్రంతా జాగారం చేసే రైతుదీ ఇదే గోడు. కొనేవాడు సరుకును కాదనవచ్చు, అమ్మేవాడు కొనేవాణ్ని కాదనలేడు. ఇది వేలం కాదు, ఏకపక్ష బేరం.

బెజవాడ వన్‌టౌన్‌లో చిన్న గదిలో ఫోను ముందు నిలబడి చీరలు చూపించి అమ్ముకునే ఇల్లాలి పద్ధతి ఇంతకంటే నయం. లైవ్‌లో ముందు ‘బుక్’ అని కొట్టినవారికే చీర. బుక్ చేసి డబ్బు పంపనివారికి ఒకసారి గుర్తుచేస్తారు. రెండోసారీ అదే జరిగితే ఆ నంబరు బ్లాకు. అడ్వాన్సు పంపితేనే చీర పక్కన పెడతారు. అంతర్జాతీయ ఆన్‌లైన్ అంగడి ఈబే కూడా అమ్మకందారు చేతికి ఇలాంటి జాబితానే ఇచ్చింది. తనతో బేరమాడకూడదనుకున్నవారిని ఐదు వేల మంది దాకా అందులో పెట్టుకోవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. సొంత చీర, సొంత గడప. ఎవరిని రానివ్వాలన్నది వారి ఇష్టం.

ప్రభుత్వానికి ఆ ఇష్టం ఉండదు, ఉండకూడదు. అది అమ్మేది జనం సొత్తు. కాదనే ముందు కారణం చెప్పాలి, ఎదుటివాడి మాట వినాలి. ఎరూషియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి 1970లలోనే చెప్పింది. నోటీసు ఇవ్వకుండా బ్లాక్‌లిస్టు చేయడం చెల్లదంది. 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో బ్లాక్‌లిస్టును పౌర మరణంతో పోల్చింది. ఈ హెచ్చరిక మన రాష్ట్రంలో ఎవరికీ కొత్త కాదు. ప్రభుత్వం మారగానే నిన్నటి కాంట్రాక్టరు నేడు అంటరానివాడవడం, గిట్టనివాడు అర్హుడు కాకుండా టెండరు షరతులు అల్లడం మనం ఎరిగినవే. అంటే తలుపు వేయడం మన పాలకులకు రాక కాదు. ఎగవేతదారు వస్తే బార్లా తీసి, గిట్టనివాడు వస్తే గడియ పెట్టడమే అలవాటైంది. మా అభియోగం ఇదే.

గాలిపాటను లోకం ఎంత తీవ్రంగా చూస్తుందో ఒక్క ఉదాహరణ. 2008 డిసెంబరులో అమెరికాలోని యూటాలో చమురు లీజుల వేలానికి టిమ్ డిక్రిస్టఫర్ అనే యువకుడు వెళ్లి, చేతిలో డబ్బు లేకుండా సుమారు 18 లక్షల డాలర్ల మేర పాడేశాడు. భూమిని కాపాడాలన్న ఉద్యమ స్ఫూర్తితో చేసిన పని అది, స్వలాభం లేదు. అయినా 2011లో రెండేళ్ల జైలు పడింది. అంత కాఠిన్యం మనకు అక్కర్లేదు. కానీ అక్కడి రెండేళ్లకూ ఇక్కడి రెండు వందలకూ మధ్య ఎక్కడో ఒకచోట న్యాయం ఉండే తీరాలి.

చేయాల్సినవి కొన్నే, అవీ కొత్త చట్టం అక్కర్లేనివే. ధరావతు కనీస ధరను బట్టి కాదు, పాటను బట్టి పెరగాలి. తెర మీద పాట ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా పూచీ కూడా ఎక్కాలి. ఎగవేసినవాడి నుంచి తిరుగు వేలంలో తగ్గిన సొమ్ము రాబట్టే షరతు దేవదాయ, పంచాయతీ, మత్స్య, రవాణా, పురపాలక శాఖల ప్రతి వేలం ప్రకటనలో ఉండాలి. ఒక శాఖలో ఎగ్గొట్టినవాడు మరో శాఖలో పేరు మార్చుకుని తేలకుండా ఉమ్మడి జాబితా కావాలి. అందులో ఎక్కించే ముందు నోటీసు, ఎక్కించాక గడువు, ఆపైన అప్పీలు ఉండాలి. రింగు కట్టినట్టు తేలితే 2002 పోటీ చట్టం కింద ఫిర్యాదు చేయాలి. యార్డుల్లో కోతలు వేసి, డబ్బు తిప్పిపెట్టే వ్యాపారి లైసెన్సు మీద రైతు ఫిర్యాదు నమోదయ్యే ఏర్పాటు కావాలి. మూడు ఫిర్యాదులు నిలబడితే ఆ సీజనుకు అతని తెర ఆరిపోవాలి.

చట్టం దగ్గర కూడా మనవారికి సాకు లేదు. శిక్షాస్మృతి ఉమ్మడి జాబితాలోనిది. రాష్ట్రపతి ఆమోదంతో 220వ సెక్షన్‌ను ఈ రాష్ట్రం వరకు సవరించే అధికారం వెలగపూడిలో కూర్చున్న శాసనసభకు ఉంది. రెండు వందలన్న మాట ఒకటోసారి 1860లో పలికారు. రెండోసారి 2023లో పలికారు. మూడోసారి అనేలోగా ఎవరో ఒకరు పై మాట అనాలి. అనకపోతే ఏమవుతుందో పాట చూసిన పసివాడికైనా తెలుసు: ఆ ధరకే కొట్టేస్తారు.