ఆటోలో తుప్పు పట్టే గ్యాస్ ట్యాంకు, రోజుకు 41 రూపాయల సాయం

2025 ఆగస్టు 15న మహిళలకు ఉచిత బస్సు మొదలైంది. అక్టోబర్ 4న 'ఆటో డ్రైవర్ల సేవలో' పేరుతో ఏడాదికి 15 వేల సాయం ఇచ్చారు. దువ్వూరు నుంచి మైదుకూరు, ప్రొద్దుటూరు వైపు ఆటో తోలే మన ఇళ్లలో ఈ రెండూ ముడిపడ్డ లెక్కలే. సాయాన్ని రోజులకు పంచితే 41 రూపాయలు. బాడుగ తగ్గితే డ్రైవరు ముందు దేన్ని వాయిదా వేస్తాడు? టైరు అరిగితే కనబడుతుంది, బ్రేకు పట్టకపోతే తెలుస్తుంది. ఎల్పీజీ ట్యాంకు తుప్పు పడుతుంటే మాత్రం చప్పుడు రాదు.

ట్యాంకు ఉక్కుది. పైన పెయింటు ఉన్నంత వరకే దానికి రక్షణ. ముందుగా దెబ్బతినేది పట్టీ బిగించిన చోటు. పట్టీ కింది రబ్బరు తడిని పట్టి ఉంచుతుంది, బండి ఊగినప్పుడల్లా ఒరుసుకుని పెయింటు లేస్తుంది. కేసీ కాలువ కింద నాట్లు పడే రోజుల్లో చక్రాలు చిమ్మే బురదా అక్కడే చేరుతుంది. యూరియా మూటలు వేసుకెళ్తే రాలిన గుళికలు తేమకు కరుగుతాయి. బక్రీద్ ముందు మేకలను ఎక్కిస్తాం కదా, వాటి మూత్రంలోని ఉప్పు ఇనుమును తింటుంది, అందులోంచి వచ్చే అమ్మోనియా ఇత్తడి వాల్వును పగలగొట్టగలదు. వాసన పోవాలని సీటు కడుగుతాం, ట్యాంకు అడుగు ఎవరు చూస్తారు?

నెలకోసారి మంచినీళ్లతో కడిగి, తుడిచి, బాగా ఆరనివ్వాలి. పైపైన ఎర్ర పొడి మాత్రమే ఉంటే, బండి చల్లారాక ఆరుబయట చేత్తో ఎమరీ పేపరు రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి పెయింటు వేయొచ్చు. వాల్వు మీదా, తేదీ కొట్టిన ప్లేటు మీదా పెయింటు పడనివ్వొద్దు. గోనెసంచి చుట్టొద్దు, అది నీళ్లు పీల్చుకుంటుంది. గుంటలు పడినా, పొరలుగా ఊడుతున్నా సొంత మరమ్మతు వద్దు. గ్రైండరూ వెల్డింగూ అసలే వద్దు. ఎఫ్‌సీకి పోయే ముందు రోజు కొట్టే కొత్త పెయింటు గుంటను దాస్తుందే గానీ పూడ్చదు. సీఎన్జీలా 200 బార్ల ఒత్తిడి లేదు కదా అని ధీమా వద్దు. లీకైన ఎల్పీజీ గాలికన్నా బరువు, పైకి పోకుండా బండి కిందే పేరుకుంటుంది.

నిబంధన ప్రకారం ఎల్పీజీ ట్యాంకుకు ఐదేళ్లకు, సీఎన్జీ సిలిండరుకు మూడేళ్లకు ఒకసారి అనుమతి ఉన్న కేంద్రంలో పరీక్ష జరగాలి. పరీక్షంటే ఫీజు ఒక్కటే కాదు, బండి ఆగిన రోజుల బాడుగ కూడా. 2019లో వచ్చిన వాహనమిత్ర 10 వేలు ఇచ్చిందే ఇన్సూరెన్సు, ఎఫ్‌సీ, రిపేర్ల పేరుతో. చేతికొచ్చిన డబ్బు ఫైనాన్సు కిస్తీకో పిల్లల ఫీజుకో పోతుంది, అందులో తప్పేమీ లేదు. అందుకే పరీక్ష ఫీజును సాయంలో కలపకుండా ప్రభుత్వమే నేరుగా కేంద్రానికి కట్టి, ప్రొద్దుటూరు లాంటి చోట శిబిరం పెట్టి తనిఖీ చేయించాలి. ఆటో యూనియన్లు అడగాల్సింది ఇదే.

సెకండ్ హ్యాండ్ ఆటో బేరమాడేవాళ్లు ఆర్సీ, ఇన్సూరెన్సుతో పాటు ట్యాంకు ప్లేటు మీద తేదీ కూడా చూడండి. గడువు దాటి ఉంటే పరీక్ష ఖర్చు ధరలో తగ్గించమనండి.