చిన్న బేలుకూ రైలులో చోటు కావాలి: భవాని పేట్ నేతవారి రవాణా సహకార సంఘం కోసం విజ్ఞప్తి

షోలాపూర్ నగరంలోని భవాని పేట్‌లోనూ చుట్టుపక్కల పేటల్లోనూ మరమగ్గాల మీద తయారయ్యే చద్దర్లు, టెర్రీ తువాళ్ళు దేశమంతటికీ, విదేశాలకూ పోతున్నా, వాటిని నేసే తెలుగు పద్మశాలి కుటుంబాలకు రవాణా మీద ఏ అదుపూ లేదు. షోలాపూర్‌కు 1860లోనే రైలు వచ్చినా చిన్న కార్ఖానా సరుకుకు నేటికీ లారీయే దిక్కు. ఈ కార్ఖానాల బేళ్ళను ఒకచోట చేర్చి, నిర్ణీత దినాల్లో కంటైనర్ బండికి ఎక్కించే ఉమ్మడి రవాణా సహకార సంఘం ఏర్పడాలనీ, దానికి రైల్వే శాఖ చోటు కల్పించాలనీ ఈ కరపత్రం కోరుతున్నది. ఇదే జిల్లాలో ఒక ప్రైవేటు రైలు కంపెనీ అర్ధ శతాబ్దానికి పైగా చిన్న ఊళ్ళ సరుకు మోసి నిలిచిందన్న సంగతి ఈ కోరికకు ఆధారం.

ఆ కంపెనీ బార్శీ లైట్ రైల్వే. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో ఉద్యోగిగా ఈ దేశానికి వచ్చిన ఎవరార్డ్ కాల్త్రాప్ అనే ఆంగ్లేయ ఇంజనీరు, ప్రధాన మార్గానికి ఎడంగా ఉండిపోయిన బార్శీ పట్టణాన్ని బార్శీ రోడ్ స్టేషనుతో, అంటే నేటి కుర్దువాడితో, కలపాలని సంకల్పించి 1895లో లండన్‌లో కంపెనీని నమోదు చేయించగా, 1897లో మార్గం మొదలైంది. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే కనుక అది నారోగేజి. 1906లో పండరిపురానికి, 1911లో లాతూరుకు, 1927లో మిరజ్‌కు చేరి మొత్తం 325 కిలోమీటర్లయిన ఈ మార్గాన్ని ప్రభుత్వం 1954 జనవరి 1న కొని మధ్య రైల్వేలో కలిపింది.

కంపెనీ నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం దాని బండ్ల నిర్మాణంలో కనిపిస్తుంది. ఏ ఇరుసు మీదా, అంటే రెండు చక్రాలను కలిపే కడ్డీ మీద, ఐదు టన్నులకు మించి భారం పడరాదని కాల్త్రాప్ నియమం పెట్టుకొని, ఇంజను మొదలు వ్యాగన్ వరకు అన్నిటినీ దానికి లోబరచాడు. భారం ఇరుసులన్నిటికీ సమానంగా పంచితే గజానికి 30 పౌన్ల తేలిక పట్టాలే చాలుతాయి. పట్టాలు తేలికైతే పెట్టుబడి తగ్గుతుంది. పెట్టుబడి తగ్గితే కొద్దిపాటి సరుకున్న ఊరికి కూడా మార్గం వేయవచ్చు. లీడ్స్ నగరంలోని కిట్సన్ కంపెనీ చేసిన తొలి ఐదు ఇంజన్లకు ఎనిమిదేసి చోదక చక్రాలు, అంటే ఆవిరి బలం తిప్పే చక్రాలు, అమర్చింది ఇందుకే. లీడ్స్ ఫోర్జ్ కంపెనీ అచ్చులో నొక్కిన ఉక్కుతో చేసిన వ్యాగన్లు 25 అడుగుల పొడవున ఒకే కొలత చట్రం మీద నిలిచేవి. నాలుగు ఇరుసుల వ్యాగన్ మొత్తం బరువు 20 టన్నులు దాటరాదు కాబట్టి, బండి సొంత బరువులో తగ్గించిన ప్రతి మణుగూ సరుకుకు మిగిలింది. 1896లో లీడ్స్ దగ్గరి న్యూలే వద్ద ప్రయోగ మార్గం వేసి మరీ కాల్త్రాప్ ఈ బండ్లను ప్రదర్శించాడు. తర్వాతి కాలంలో నాస్మిత్ విల్సన్, బాగ్నాల్ కంపెనీల ఇంజన్లు కూడా వచ్చి చేరాయి. సరుకు ఎంత ఉందో చూసి దానికి తగిన బండి కట్టిన ఈ పద్ధతి మెచ్చదగినదే గాని, యాజమాన్యం లండన్‌లో ఉండిపోవడం మాత్రం అనుసరించదగినది కాదు. నేతవారి సంఘానికి నేతవారే యజమానులు కావాలి.

నేటి ఏర్పాటు వేరు. 2006 నుంచి కంటైనర్ బండ్లు నడపడానికి ప్రైవేటు సంస్థలకు అనుమతి ఉంది. వ్యాగన్లు వాటివి, ఇంజనూ పట్టాలూ రైల్వేవి, లాగినందుకు ఆ సంస్థలు హాలేజి రుసుము చెల్లిస్తాయి. అయితే ఒక్కో బండికి సాధారణంగా 45 వ్యాగన్లు, వాటి మీద 20 అడుగుల పెట్టెలు 90 పడతాయి. నాలుగు మగ్గాల కార్ఖానా ఒక్క పెట్టెనైనా నింపలేదు. నూరు కార్ఖానాలు కలిస్తే నింపగలవు.

చిన్న సరుకును రైలు మోయలేదన్న వాదన ఈ జిల్లాలో చెల్లదు. 2020 ఆగస్టులో మొదలైన కిసాన్ రైళ్ళలో నూరవది అదే ఏడు డిసెంబరు 28న సాంగోలా నుంచి పశ్చిమ బెంగాల్‌లోని షాలిమార్‌కు బయల్దేరింది. సాంగోలా పాత బార్శీ మార్గంలోని స్టేషనే. కనీసం ఇంత సరుకు ఉండాలన్న షరతు లేనందున చిన్న రైతు కూడా అందులో పండ్లు పంపగలిగాడు, కేంద్రం కిరాయిలో సగం సబ్సిడీగా భరించింది. పండ్లకు దొరికిన వెసులుబాటు చద్దరుకు ఎందుకు దొరకరాదు?

దాదాపు 450 కిలోమీటర్ల ముంబైకి విడి సరుకు పంపాలంటే లారీయే మేలని ఒప్పుకోవాలి, ఎందుకంటే రైలుకు ఎక్కించి దించే కూలి అదనంగా పడుతుంది. ఢిల్లీ, కోల్‌కతా వంటి దూరాలకు ఆ కూలి కిరాయి ఆదాలో కలిసిపోతుంది. పోయిన పెట్టె ఖాళీగా తిరిగి రాకుండా బయటి మిల్లుల నూలును సంఘం ఉమ్మడిగా తెప్పిస్తే ఖర్చు ఇంకా తగ్గుతుంది.

కాబట్టి భవాని పేట్ నేతవారి సంఘాలు, మరమగ్గాల యజమానులు ముందుగా ఒక ఏడాది పాటు ఏ కార్ఖానా నుంచి ఏ ఊరికి ఎన్ని బేళ్ళు పోతున్నాయో లెక్క రాయాలి. ఆ లెక్కతో సహకార సంఘాన్ని నమోదు చేయించి, ప్రైవేటు వారు కూడా సరుకు టెర్మినళ్ళు కట్టుకోవడానికి వీలిచ్చే 2021 నాటి గతిశక్తి విధానం కింద షోలాపూర్ డివిజన్‌కు దరఖాస్తు పెట్టాలి. డివిజన్ అధికారులు వారానికి ఒక నిర్ణీత దినాన కంటైనర్ బండి ప్రకటించి, బేలు లెక్కన కిరాయి పట్టికను మరాఠీలోనూ తెలుగులోనూ గూడ్సు షెడ్డు దగ్గర అంటించాలి.