'టిక్' మన్నంత మాత్రాన మోటారు చచ్చినట్టు కాదు

లింబాయత్‌లో రాత్రి షిఫ్టు దిగేవాళ్లు, పగటి షిఫ్టు ఎక్కేవాళ్లు ఎదురుపడే వేళ. సందు మొగలో ఆగిన సరుకు టెంపోలో డ్రైవర్ తాళం తిప్పుతాడు. 'టిక్' మని ఒక్క శబ్దం. తర్వాత ఏమీ లేదు. నలుగురు కలిసి తోస్తే బండి కదులుతుంది. కానీ గ్రే తానులు దించే ప్రతిచోటా తోసేవాళ్లు దొరకరు. ఇంజిన్ ఆపకుండా ఉంచితే ఇంధనం ఖర్చు. షెడ్డుకు తీసుకెళ్తే వినిపించే మాట దాదాపు ఒకటే: "సెల్ఫ్ పోయింది, మార్చేయాలి." కొత్త సెల్ఫ్ మోటారు అంటే వేలల్లో మాట. ఆ రోజు కిరాయి కూడా పోయినట్టే.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాలను వెతుక్కుంటూ వచ్చిన పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో ఎక్కువగా స్థిరపడ్డ పేటల్లో లింబాయత్ ఒకటి. ఇక్కడ మోటారంటే తెలియనివారు అరుదు. అయితే మగ్గం మోటారు తెలుసు కాబట్టి సెల్ఫ్ మోటారూ తెలుసనుకుంటేనే చిక్కు. మగ్గాన్ని తిప్పేది సాధారణంగా ఇండక్షన్ మోటారు. దానిలో కార్బన్ బ్రష్‌లుండవు, గంటల తరబడి తిరగడానికే తయారైంది. సెల్ఫ్ మోటారు తీరు వేరు. దాని పని కొన్ని సెకన్లే. ఆ కాస్సేపట్లోనే కారులాంటి బండిలో 100 ఆంపియర్లకు పైగా కరెంటు లాగుతుంది. అంత కరెంటు బ్రష్‌ల ద్వారానే ఆర్మేచర్‌కు చేరాలి. కనుక ఎక్కడ కాస్త తుప్పు పట్టినా, ఎక్కడ కాస్త వదులైనా మోటారు మూగబోతుంది.

అసలు ఈ మోటారు పుట్టిందే మనిషి చేతులను కాపాడటానికి. అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1911లో రూపొందించిన విద్యుత్ స్టార్టర్ 1912 మోడల్ కాడిలాక్ కార్లలోకి వచ్చింది. అంతకుముందు ఇనుప హ్యాండిల్‌తో ఇంజిన్ తిప్పాల్సిందే. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. మన ఆటో డ్రైవర్లకైతే కింద ఉండే లీవరును పైకి లాగి బండి స్టార్ట్ చేసిన రోజులు నిన్నమొన్నటివే.

మోటారు విప్పేముందు చేయాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. హెడ్‌లైటు వేసి తాళం తిప్పాలి. లైటు బాగా మసకబారితే బ్యాటరీ నీరసించిందో, టెర్మినళ్లు పాడయ్యాయో, మోటారు బిగుసుకుపోయిందో అనుకోవాలి. లైటు అలాగే వెలుగుతూ 'టిక్' మాత్రమే వస్తే సోలెనాయిడ్ లోపలి కాంటాక్టులనో, మోటారు బ్రష్‌లనో అనుమానించాలి. అసలు శబ్దమే రాకపోతే స్విచ్చి, ఫ్యూజు, రిలే చూడాలి. మోటారు గిర్రున తిరిగినా ఇంజిన్ తిరగకపోతే లోపం బెండిక్స్‌ది.

పూర్తిగా చార్జయిన బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు చూపుతుంది. తాళం తిప్పుతున్నప్పుడు 9.6 కంటే కిందికి జారితే మొదట దాన్ని చార్జింగుకు పెట్టి చూడాలి. బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బాడీకీ మధ్య మల్టీమీటరు పెట్టి తాళం తిప్పించాలి. తేడా అర వోల్టు దాటితే ఎర్త్ వైరు సరిగా లేదని అర్థం. టెర్మినళ్ల మీది తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, వైరు బ్రష్‌తో గీకి బిగిస్తే చాలాసార్లు కథ అక్కడితో ముగుస్తుంది. 'పోయిన' మోటారు లేచి కూర్చుంటుంది.

అప్పటికీ కదలకపోతేనే విప్పాలి. ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయాలి. మోటారుకు వచ్చే లావు వైరుకు చాలా బళ్లలో ఫ్యూజు ఉండదు. స్పానర్ తగిలితే నిప్పులు రాలతాయి. సీఎన్‌జీ బండి అయితే సిలిండర్ వాల్వు కూడా కట్టేయాలి. స్క్రూడ్రైవర్‌తో రెండు టెర్మినళ్లను కలిపి స్టార్ట్ చేసే 'షెడ్డు చిట్కా' అలాంటి బండి దగ్గర ప్రాణాంతకం. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కిందికి దూరడం కూడా అంతే.

మూత తీసేముందు బాడీ మీద అడ్డంగా ఒక గీత పెట్టుకుంటే తిరిగి బిగించేటప్పుడు తడబాటు ఉండదు. బ్రష్‌లు కొత్తవాటిలో సగానికి అరిగితే మార్చేయాలి. వీటి ధర కొత్త మోటారు ధరలో చిన్న భాగం. కమ్యుటేటర్ నల్లబడితే సన్నటి గరుకు కాగితంతో తుడవాలి. ఎమ్రీ వాడకూడదు, దాని పొడి కరెంటును పంపుతుంది. రాగి పట్టీల మధ్య సందుల్లో చేరిన కార్బన్ పొడిని కూడా గీకేయాలి. ఆర్మేచర్‌ను కిరోసిన్‌లో ముంచే అలవాటు మానుకోవాలి. వైండింగ్ ఇన్సులేషన్ దెబ్బతినవచ్చు. బెండిక్స్‌ను ముంచినా దాని లోపలి గ్రీజు కరిగిపోతుంది. బాడీని సుత్తితో బాదడమూ వద్దు. కొత్త తరం మోటార్లలో చాలావాటికి లోపల శాశ్వత అయస్కాంతాలుంటాయి, అవి పగులుతాయి. బిగించాక పరీక్షించేటప్పుడు మోటారును చేత్తో పట్టుకోకూడదు. కరెంటు అందగానే అది ఎగిరి దూకుతుంది. వైస్‌లో బిగించే చూడాలి.

ఇంటి రిపేరుకూ ఒక హద్దుంది. వైండింగ్ కాలిన వాసన వచ్చినా, బుష్‌లు అరిగి ఆర్మేచర్ లోపలి గోడలకు రాసుకుంటున్నా, ఫ్లైవీల్ పళ్లు విరిగినా ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాల్సిందే. అక్కడైనా అడగాల్సింది "కొత్తది ఎంత?" అని కాదు, "దీనిలో ఏది పోయింది?" అని.

సూరత్‌వాసులకు వానాకాలం పాఠం ఒకటి అదనం. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో అధిక భాగాన్ని ముంచింది. లింబాయత్ పక్కన మీఠీ ఖాడీ పొంగినా వీధుల్లోకి నీళ్లొస్తాయి. మునిగిన బండికి తాళం తిప్పి చూడాలనే తొందర సహజం. కానీ సిలిండర్లోకి నీరు చేరి ఉంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పుడు పోయేది సెల్ఫ్ కాదు, ఇంజినే.

మామూలు రోజుల్లో కూడా 10 సెకన్లకు మించి తాళం పట్టి ఉంచకూడదు. మళ్లీ తిప్పేముందు మోటారుకు కనీసం అర నిమిషం విరామం ఇవ్వాలి. పన్నెండు గంటల షిఫ్టులు చేసే పేటలో విశ్రాంతి విలువ ఎవరికీ చెప్పనక్కర్లేదు.